బౌండరీ వాటర్స్‌లో కెనూ యాత్ర: పర్మిట్ దగ్గర్నుంచి పిడుదుల తనిఖీ దాకా

అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో చాలామందికి ఉత్తరం అంటే డులూత్. లేక్ సుపీరియర్ ఒడ్డున ఫొటోలు దిగి, దారిలో ఒక జలపాతం చూసి, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. డులూత్ నుంచి ఇంకో రెండు గంటలు కారు నడిపితే ఈలీ అనే చిన్న ఊరు వస్తుంది. బౌండరీ వాటర్స్ కెనూ ఏరియా వైల్డర్‌నెస్‌కు ముఖ్యమైన వాకిళ్ళలో అదొకటి. సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో, కెనడా సరిహద్దు వెంబడి పది లక్షల ఎకరాలకు పైగా అడవి ఇది. 1,100కు పైగా సరస్సులు, 1,200 మైళ్ళకు పైగా కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) దారులు, దాదాపు 2,000 క్యాంప్‌సైట్లు ఉన్నాయి. లోపల కారు రోడ్లు లేవు, కరెంటు లేదు, చాలా సరస్సుల్లో మోటారు బోటుకు కూడా అనుమతి లేదు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం, ఆ తర్వాత 1978లో ప్రత్యేకంగా దీనికోసమే తెచ్చిన చట్టం వల్ల ఇది ఇలా మిగిలింది.

ఇక్కడ రూల్స్ ఎక్కువని కొందరు వెనకాడతారు. ఆ రూల్స్ పాటించేవాళ్ళకే జంతువులు కనిపిస్తాయి. నలుగురు మాట్లాడకుండా తెడ్డు వేసుకుంటూ వెళ్తే మలుపు తిరగగానే మూస్ అనే పెద్ద జింకజాతి జంతువు కనిపించవచ్చు. బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని వెళ్ళేవాళ్ళకు అది అక్కడుందని కూడా తెలియదు.

ముందు నెల తేల్చుకోండి

సరస్సుల మీద మంచు మామూలుగా ఏప్రిల్ చివర, మే మొదట్లో కరుగుతుంది. మే నెలలో ఎండ బాగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంటాయి. పడవ తిరగబడితే ఈత వచ్చినవాళ్ళకు కూడా నిమిషాల్లో చేతులు పనిచేయడం మానేస్తాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మే వద్దు. మే చివర నుంచి జూన్ అంతా నల్ల ఈగలు, దోమలు. పిల్లలతో వెళ్తే ఆ నెల కూడా నేను వద్దనే చెబుతాను. జూలైలో నీళ్ళు వెచ్చబడతాయి, జనం కూడా పెరుగుతారు. జూలై చివర నుంచి బండల మధ్య అడవి బ్లూబెర్రీలు పండుతాయి.

నా ఓటు ఆగస్టు రెండో సగానికి. దోమలు తగ్గి ఉంటాయి, నీళ్ళు ఇంకా ఈతకు పనికొస్తాయి, స్కూళ్ళు తెరవడానికి టైం ఉంటుంది. పిల్లలు లేనివాళ్ళయితే సెప్టెంబరు మధ్యలో వెళ్ళండి. బిర్చ్ ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి, రాత్రుళ్ళు చలి వేస్తుంది, ఒక్కోసారి ఉత్తరపు వెలుగులు కూడా కనిపిస్తాయి. ఈ ప్రాంతానికి 2020లో అంతర్జాతీయ డార్క్ స్కై శాంక్చువరీ గుర్తింపు వచ్చింది కాబట్టి చుక్కల సంగతి చెప్పక్కర్లేదు.

తొమ్మిది మంది, నాలుగు పడవలు

మనవాళ్ళకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. మనం పిక్నిక్ అంటే ఐదు కుటుంబాలు, పద్దెనిమిది మంది. బౌండరీ వాటర్స్‌లో ఒక బృందంలో తొమ్మిది మందికి మించకూడదు, నాలుగు పడవలకు మించకూడదు. రెండు పర్మిట్లు తీసుకుని లోపల కలుసుకుందాం అనుకుంటే అదీ కుదరదు. నీళ్ళ మీద గానీ, కాలిబాట మీద గానీ, క్యాంప్‌సైట్‌లో గానీ ఏ క్షణంలోనూ తొమ్మిది మందికి మించి ఒకచోట ఉండకూడదు. పసిబిడ్డ కూడా లెక్కలోకే వస్తుంది. బృందం పెద్దదైతే రెండు జట్లు చేసుకుని, వేరువేరు ఎంట్రీ పాయింట్ల నుంచి పంపి, తిరిగొచ్చాక ఈలీలో పిజ్జా దగ్గర కలవండి.

మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రాత్రి బసకు కోటా పర్మిట్ కావాలి. ప్రతి ఎంట్రీ పాయింట్‌కూ రోజుకు ఇన్ని అని పరిమితి ఉంటుంది. రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో జనవరి చివరి బుధవారం ఉదయం ఆ ఏడాది బుకింగ్ తెరుస్తారు. పేరున్న ఎంట్రీ పాయింట్లకు వారాంతపు తేదీలు త్వరగా అయిపోతాయి. మంగళ, బుధవారాల్లో బయలుదేరగలిగితే టెన్షన్ ఉండదు. పెద్దవాళ్ళకు ట్రిప్పుకు 16 డాలర్లు, పిల్లలకు 8, పైన రిజర్వేషన్ ఛార్జి 6. బుక్ చేసేముందు సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. బృందం నాయకుడిగా రాసినవాళ్ళు, లేదా ప్రత్యామ్నాయంగా పేరిచ్చినవాళ్ళు మాత్రమే పర్మిట్ తీసుకోగలరు. అందుకే బుకింగ్ రోజునే ప్రత్యామ్నాయ పేర్లు కూడా పెట్టండి. ఆఖరి నిమిషంలో ఆఫీసులో మీటింగ్ ఎవరికి పడుతుందో ఎవరికి తెలుసు!

ఒక్క పగటికే వెళ్ళొస్తే కోటా లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఎంట్రీ దగ్గర మీరే నింపుకునే ఉచిత పర్మిట్ సరిపోతుంది.

దారి ఎంచుకోవడం

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు లేక్ వన్, అంటే 30వ నంబరు ఎంట్రీ పాయింట్, మంచి ఎంపిక. లేక్ వన్ నుంచి లేక్ టూకు రెండు చిన్న పోర్టేజ్‌లు, అంటే పడవను భుజాన వేసుకుని నడిచే దారులు. టూ నుంచి త్రీకి, త్రీ నుంచి ఫోర్‌కు నీళ్ళ మీదే వెళ్ళిపోవచ్చు. ఒక్క హెచ్చరిక: లేక్ వన్ నిండా దీవులు, మలుపులు, మూసుకుపోయే పాయలు. దారి తప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. కాగితపు మ్యాపును వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి ముందు కూర్చున్న మనిషి ఒళ్ళోనే ఉంచండి. ఫోన్‌లో జీపీఎస్ పనిచేసినా సిగ్నల్ దాదాపు ఉండదు. శాటిలైట్ మెసెంజర్ అద్దెకు దొరుకుతుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఏ రోజు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్ళండి.

మ్యాపు మీద పోర్టేజ్ పొడవు రాడ్లలో ఉంటుంది. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు. 320 రాడ్లు ఒక మైలు. 40 రాడ్లంటే పిల్లలు కూడా నడిచేస్తారు. 180 రాడ్ల బాట రాళ్ళ మీద, బురదలో, భుజాన పడవతో అంటే వేరే సంగతి. సామాను ఒకే విడతలో పోకపోతే అదే బాట మూడుసార్లు నడవాలి. రోజుకు ఐదారు మైళ్ళు మించి ప్లాన్ చేయకండి.

సర్దుకోవడం

కెనూ అద్దెకు తీసుకునేటప్పుడు కొంచెం డబ్బు ఎక్కువైనా కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసినదే తీసుకోండి. ఇద్దరు కూర్చునేది 40 పౌండ్లకు అటూఇటూ ఉంటుంది, అల్యూమినియందైతే 70 దాకా తూగుతుంది. మొదటి పోర్టేజ్ మీదే ఆ తేడా తెలుస్తుంది.

లైఫ్ జాకెట్ మనిషికొకటి ఉండాలన్నది చట్టం. పదేళ్ళలోపు పిల్లలు పడవలో ఉన్నంతసేపూ దాన్ని తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్ళు పక్కన పెట్టుకుంటే చట్టం ఒప్పుకుంటుంది, నేను మాత్రం ఒప్పుకోను. అమెరికా చెరువుల్లో, జలపాతాల్లో మన పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. మనలో ఈత రాని పెద్దవాళ్ళే ఎక్కువ. జిప్పు పెట్టుకోండి, ఒడ్డు చేరేదాకా తీయకండి.

ఇక తిండి. రేకు డబ్బాల్లో, గాజు సీసాల్లో ఉన్న ఆహారం, డ్రింకులు లోపలికి నిషేధం. సోడా క్యాన్, బీరు సీసా, శనగల డబ్బా, ఆవకాయ సీసా ఏవీ కుదరవు. ఆవకాయను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, పైన జిప్‌లాక్ వేయండి. పప్పు ఉడకబెట్టే ప్రోగ్రాం వద్దు, గ్యాస్ అంతా దానికే అయిపోతుంది. ఇంట్లోనే వేయించి తాలింపు కలిపిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, పులిహోర పేస్టు, త్వరగా ఉడికే అన్నం, మొదటి రోజుకు చపాతీలు చాలు. పూటకొక సంచి చొప్పున కట్టి పైన పేరు రాస్తే రాత్రి చీకట్లో వెతుక్కునే పని ఉండదు.

బట్టల్లో జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. పొడుగు చేతుల చొక్కా, పల్చటి ప్యాంటు, ఉన్ని సాక్సులు, వానకోటు ఉండాలి. తాగే నీటికి ఫిల్టర్ తీసుకెళ్ళండి, లేదా నీళ్ళు తెర్లి ఒక నిమిషం మరిగాకే తాగండి. సరస్సు ఎంత తేటగా ఉన్నా, కడుపు చెడగొట్టే జియార్డియా క్రిమి కంటికి కనిపించదు.

నీళ్ళ మీద, బాట మీద

పొద్దున్నే బయలుదేరండి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, పెద్ద సరస్సుల్లో అలలు పడవ అంచు దాకా వస్తాయి. అడ్డంగా కోసుకుని వెళ్ళకుండా ఒడ్డు వెంబడే సాగండి. ఉరుము వినబడితే ఎక్కడున్నా ఒడ్డెక్కాల్సిందే.

పడవ దిగేటప్పుడు అందరూ చేసే పని, కాళ్ళు తడవకూడదని ముక్కును రాతి మీదికి ఎక్కించడం. కెవ్లార్ అడుగు అక్కడే చీరుకుపోతుంది. పడవ ఇంకా తేలుతుండగానే చీలమండ లోతు నీళ్ళలో దిగి, సామాను చేతులతో ఒడ్డుకు అందించి, చివర్లో పడవను ఎత్తాలి. ఇక్కడ బూట్లు తడవడం మామూలే. సామాను బాటకు పక్కగా పెట్టండి, వెనక ఇంకో బృందం వస్తూ ఉంటుంది. ఎదురుగా పడవ మోసేవాళ్ళు వస్తే మీరే పక్కకు తప్పుకోండి, వాళ్ళకు నేల తప్ప ఏమీ కనబడదు.

క్యాంప్‌లో

ఇనుప జాలీ పొయ్యి, వెనక అడవిలో లెట్రిన్ ఉన్నదే అసలైన క్యాంప్‌సైట్. వేసవి సీజన్లో అక్కడే దిగాలి. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకల్లా ఖాళీ సైట్ చూసుకోండి. సాయంత్రం ఆరింటికి వెతుక్కుంటే అన్నీ నిండిపోయి ఉంటాయి.

లెట్రిన్ గురించి ముందే చెప్పుకోవడం మంచిది, అక్కడికెళ్ళాక ఆశ్చర్యపోతారు. గోడలు లేవు, కప్పు లేదు, గుంట మీద ఒక సీటు మాత్రమే. మనకు నీళ్ళ అలవాటు కాబట్టి ఒక సీసా ప్రత్యేకంగా పెట్టుకోండి. సరస్సు దగ్గరికి వెళ్ళి కడుక్కోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. గుంటలో టాయిలెట్ పేపర్ తప్ప ఇంకేమీ వేయకూడదు. డైపర్లు, వైప్స్, మిగిలిన అన్నం అన్నీ మీతోనే బయటికి రావాలి. అన్నం వేస్తే వాసనకు ఎలుగుబంటి వచ్చి ఆ గుంటనే తవ్వుతుంది.

గిన్నెలు కడగడం కూడా నీటికి కనీసం 200 అడుగుల దూరంలోనే. గిన్నెలో నీళ్ళు ముంచుకుని అడవిలోకి నడవండి. మన వంటల్లో నూనె, పసుపు ఎక్కువ. ముందు గిన్నెను పేపరుతో తుడిచి ఆ పేపరును చెత్తసంచిలో వేస్తే సబ్బు అవసరం సగం తగ్గుతుంది. బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సబ్బు కూడా సరస్సులో కలవకూడదు.

నిప్పు దగ్గర అశ్రద్ధ పనికిరాదు. 2007లో గన్‌ఫ్లింట్ దారి దగ్గర ఒక క్యాంప్ మంట అదుపు తప్పి హామ్ లేక్ కార్చిచ్చుగా మారింది, సరిహద్దుకు ఇటూ అటూ కలిపి దాదాపు 75,000 ఎకరాలు కాలిపోయాయి. నిప్పుల నిషేధం ఉందేమో పర్మిట్ తీసుకునేటప్పుడే అడగండి. నిలబడి ఉన్న చెట్టు, ఎండినదైనా సరే, నరకకూడదు. బిర్చ్ బెరడు చూడగానే చేయి వెళ్తుంది, కానీ వలిచిన చోట నల్లటి మచ్చ చెట్టు బతికినంత కాలం ఉంటుంది. సైట్‌కు దూరంగా, ఒడ్డు నుంచి లోపలికి వెళ్ళి, నేల మీద పడ్డ మణికట్టు లావు పుల్లలు ఏరుకోండి. ఆర్పేటప్పుడు నీళ్ళు పోయండి, కలపండి, మళ్ళీ పోయండి. బూడిదలో అరచేయి పెట్టగలిగితేనే ఆరినట్టు.

ఎలుగుబంటికి తిండి అందకుండా

ఇక్కడున్నవి నల్ల ఎలుగుబంట్లు. గ్రిజ్లీలు మిన్నెసోటాలో లేవు. నల్ల ఎలుగుకు మనిషంటే భయం, ముక్కు మాత్రం అసాధారణం. ఒకసారి ఒక సైట్‌లో తిండి దొరికిందంటే మళ్ళీమళ్ళీ అక్కడికే వస్తుంది. అలా అలవాటుపడ్డ ఎలుగును చివరికి చంపాల్సి వస్తుంది. మీరు వదిలేసిన చిప్స్ ప్యాకెట్టుకు ఖర్చు అది కడుతుంది.

తిండి, చెత్త, టూత్‌పేస్ట్, సబ్బు, కొబ్బరినూనె సీసా అన్నీ ఎలుగు తెరవలేనివని ధృవీకరించిన డబ్బాలో పెట్టండి. అది లేకపోతే నేలకు 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 6 అడుగుల దూరంగా వేలాడదీయండి. చెప్పినంత తేలిక కాదు. ఇక్కడి స్ప్రూస్, జాక్ పైన్ చెట్లకు గట్టి అడ్డకొమ్మలు తక్కువ, చీకటి పడ్డాక తాడు విసురుతూ గంట గడిచిపోతుంది. అద్దెకు దొరికే డబ్బానే నయం. నీలంరంగు ప్లాస్టిక్ పీపాలు అందరూ వాడతారు గానీ మామూలు పీపాను ఎలుగు తెరవగలదు, దాన్నీ వేలాడదీయాల్సిందే. టెంటులో ఏ తిండీ ఉండకూడదు. పిల్లల జేబుల్లో చాక్లెట్లు పడుకునే ముందు వెతకండి.

ఎలుగు వస్తే పరుగెత్తకండి. అందరూ ఒకచోట నిలబడి, గిన్నెలు మోగించి, గట్టిగా అరవండి. దాదాపు ఎప్పుడూ వెళ్ళిపోతుంది.

లూన్, మూస్, మిగతావాళ్ళు

రాత్రి సరస్సు మీద పొడుగాటి ఏడుపులాంటి కూత వినబడితే భయపడకండి, అది లూన్. మిన్నెసోటా రాష్ట్ర పక్షి. ఒంటి మీద నలుపు తెలుపు గళ్ళు, ఎర్రటి కళ్ళు. దాని కాళ్ళు శరీరానికి బాగా వెనక ఉంటాయి. నీళ్ళలో మునిగి చేపను తరమడానికి అవి అద్భుతం, నేల మీద మాత్రం పాకడమే. అందుకే గూడు సరిగ్గా నీటి అంచున కడుతుంది. అక్కడే మనకు తెలియకుండా హాని చేస్తాం. మే చివర, జూన్‌లో దీవుల అంచులకు, గడ్డి పాయల్లోకి పడవను ఆనించి తిప్పితే తల్లి గూడు దిగిపోతుంది. మామూలుగా రెండే గుడ్లు. అవి చల్లబడిపోవచ్చు, లేదా పైనుంచి చూస్తున్న గల్ పక్షి, డేగ ఎత్తుకుపోవచ్చు.

దూరం సరిపోతుందో లేదో లూనే చెబుతుంది. గూటి మీద మెడ నీళ్ళవైపు చాచి నేలకు కరుచుకుందంటే మీరు అప్పటికే దగ్గరకొచ్చేశారు. నీళ్ళ మీద వణుకుతున్న నవ్వులాంటి కూత వేసినా, ఒళ్ళు నిటారుగా లేపి కాళ్ళతో నీళ్ళు చిమ్ముతూ గెంతినా అది మీకోసం ఆడుతున్న ఆట కాదు, పొమ్మంటోంది. వెంటనే పడవ తిప్పండి. కనీసం 200 అడుగుల దూరంలో తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంటే, జూలైలో తల్లి వీపు మీద ఎక్కి తిరిగే పిల్లలను బైనాక్యులర్స్‌లో ఎంతసేపైనా చూడొచ్చు. ఫోన్‌లో లూన్ కూత ప్లే చేసి పిలిచే సరదా మానుకోండి. తన హద్దులోకి ఇంకోటి వచ్చిందనుకుని అది పిల్లల్ని వదిలి వస్తుంది.

గేలం వేసేవాళ్ళకు ఒక మాట. లూన్ అరుగుదల కోసం గులకరాళ్ళు మింగుతుంది, వాటితోపాటు అడుగున పడ్డ సీసపు గుండ్లు కూడా. ఒక్క చిన్న సీసపు గుండు చాలు, విషమెక్కి చనిపోతుంది. టంగ్‌స్టన్, టిన్ గుండ్లు దొరుకుతాయి, అవే కొనండి. 16 ఏళ్ళు, ఆపైన వయసువాళ్ళకు ఫిషింగ్ లైసెన్స్ తప్పనిసరి. చేప కోసిన వ్యర్థాలను నీళ్ళకు, సైట్‌కు దూరంగా పాతిపెట్టాలి.

మూస్‌ను చూడాలంటే తెల్లవారుజామున, లోతు లేని, తామరాకులున్న పాయల్లోకి చప్పుడు లేకుండా వెళ్ళండి. తల మొత్తం నీళ్ళలో ముంచి నీటి మొక్కలు మేస్తుంది. 2006లో ఈశాన్య మిన్నెసోటాలో దాదాపు 8,800 ఉంటాయని అంచనా, ఇప్పుడు అందులో సగం కూడా లేవు. జింకల నుంచి సోకే మెదడు పురుగు, చలికాలంలో వేలకొద్దీ పట్టే పిడుదులు ముఖ్య కారణాలు. అసలే బలహీనపడ్డ జంతువును ఫొటో కోసం తరమకండి. చెవులు వెనక్కి పెట్టి, మెడ మీద వెంట్రుకలు లేపిందంటే కోపం వచ్చినట్టు. ఎలుగు విషయంలో చెప్పినదానికి ఇది తలకిందులు: మూస్ మీదికొస్తే పరుగెత్తండి, పెద్ద చెట్టు చాటుకు వెళ్ళండి. దూడతో ఉన్న తల్లి, సెప్టెంబరు చివర జతకట్టే కాలంలో మగది ఇంకా ప్రమాదం. ఈలీ వైపు రాత్రి కారు నడిపేటప్పుడు కూడా స్పీడు తగ్గించండి. ముదురు రంగు, పొడుగు కాళ్ళు, హెడ్‌లైట్లో దగ్గరికొచ్చేదాకా కనబడదు.

తోడేళ్ళు కనిపించడం అరుదు, అరుపు వినబడితే అదృష్టం. వాటి గురించి తెలుసుకోవాలంటే ఈలీలోనే ఇంటర్నేషనల్ వుల్ఫ్ సెంటర్ ఉంది, పిల్లలకు బాగా నచ్చుతుంది. ఉడుతలకు, కెనడా జే పక్షులకు గింజలు వేయకండి. మనకు పుణ్యం అనిపిస్తుంది గానీ వాటికి రోగం. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, ఇక్కడ ఎగరేయడం, దించడం నిషేధం.

ఒజిబ్వే నేల

ఇది ఖాళీ అడవి కాదు. ఒజిబ్వే అనే ఇక్కడి మూలవాసులు తరతరాలుగా బతికిన చోటు. 1854 ఒప్పందంలో అమెరికా ప్రభుత్వానికి భూమి అప్పగించినా వేట, చేపలు, సేకరణ హక్కులు అట్టిపెట్టుకున్నారు. పలుచని నీళ్ళలో ఎత్తుగా పెరిగే గడ్డి కనిపిస్తే అది మనూమిన్, అంటే అడవి వరి. ఆగస్టు, సెప్టెంబరులో గింజ పండుతుంది. దాని మధ్యలోంచి పడవ తోసుకుంటూ పోకండి, వరి చేను తొక్కితే ఎంత బాధో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈలీ దగ్గర నార్త్ హెగ్‌మన్ సరస్సు ఒడ్డున కొండ గోడ మీద ఎర్రరంగు బొమ్మలున్నాయి: మనిషి, మూస్, పడవలు. పగటి పర్మిట్‌తోనే వెళ్ళి చూసి రావచ్చు. పడవలోంచే చూడండి, తాకకండి, నీళ్ళు చల్లకండి. చేతి జిడ్డు చాలు, రంగు పోవడానికి.

తిరిగొచ్చేటప్పుడు

సైట్ వదిలే ముందు ఒకరు పొయ్యిలో వెతకాలి. అల్యూమినియం ఫాయిల్ ముక్కలు అక్కడే దొరుకుతాయి. గేలానికి తెచ్చిన వానపాములు మిగిలితే నేల మీద వదలకండి, చెత్తలోనే వేయాలి. హిమయుగం తర్వాత మిన్నెసోటాలో సొంత వానపాములే లేవు, ఇప్పుడున్నవన్నీ బయటినుంచి వచ్చినవి. అడవి నేల మీద పేరుకున్న ఆకుల పొరను అవి తినేస్తే కింద మొలకలు నిలవవు. పడవకు అంటిన మొక్కలు దులిపి, నీళ్ళు పారబోసి, ఆరబెట్టాకే ఇంకో సరస్సులో దించండి. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళొద్దు, తిరిగి తేవొద్దు. బెరడులో పురుగులు ప్రయాణిస్తాయి.

కారెక్కే ముందు పిడుదులు వెతుక్కోండి. మోకాలి వెనక, నడుము పట్టీ దగ్గర, చంకల్లో, జుట్టు మొదళ్ళలో. పిల్లలకు చెవుల వెనక కూడా. జింక పిడుదు నువ్వుగింజంత ఉంటుంది, పిల్లపిడుదు ఇంకా చిన్నది. చర్మానికి దగ్గరగా ట్వీజర్‌తో పట్టి నిటారుగా లాగండి. అగ్గిపుల్ల, కిరసనాయిలు వైద్యాలు వద్దు. తర్వాత నెల రోజుల్లో జ్వరం వచ్చినా, గుండ్రంగా పెరిగే ఎర్ర మచ్చ కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఉత్తర మిన్నెసోటా అడవిలో ఏ తేదీల్లో తిరిగారో ముందే చెప్పండి. ఈలోగా ఇండియా వెళ్తే అక్కడి డాక్టరుకు మరీ ముఖ్యంగా చెప్పాలి, పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి అక్కడ వాళ్ళకు సామాన్యంగా తట్టదు.